చెవి అందిన పిల్లవాడు

మీ శిక్షణ కేంద్రం నుంచి వచ్చిన అమ్మాయిలు ఇద్దరు, నా ఉద్యోగ జీవితంలో నాకు బాగా తృప్తినిచ్చిన సంఘటన ఒకటి రాసిమ్మని అడిగారు. తృప్తినిచ్చినవి కొన్ని ఉన్నాయి. వాటిని నా పదవీ విరమణ సభలో వక్తలు ఒకరి తర్వాత ఒకరు చెప్పేశారు, అక్కడక్కడా కొంచెం కల్పించి మరీ చెప్పేశారు. నేను తల వంచుకుని శాలువా కప్పించుకున్నాను. ఇక మిగిలింది ఆ సభలో ఎవరికీ తెలియనిది ఒకటి. అదే రాస్తున్నాను. మీ సంచికలో వేసుకోకపోయినా నాకు కోపం రాదు. కాకపోతే నియామకపు కాగితం చేతికి రాకముందే ఒకసారి చదివి పెట్టుకోండి.

అరవయ్యో దశకం మొదటి సంవత్సరాల మాట. నెల్లూరు ఊరి చివర ఒక పాత పెంకుటింట్లో, దిక్కులేని తల్లులనూ వాళ్ళ పిల్లలనూ ఉంచే ఆశ్రయగృహం ఉండేది. నేను అక్కడ మేట్రన్‌ని. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. పెళ్ళయిన మూడో ఏట భర్త పోయాడు. బుచ్చిరెడ్డిపాళెం దగ్గర అత్తగారి ఊళ్ళో వడ్లు ఎన్ని పుట్లు పండినా నాకు పెట్టే కూడు మాత్రం వాళ్ళకు బరువైంది. స్కూల్ ఫైనల్ పాసైన పుణ్యాన ఈ ఉద్యోగం దొరికింది. అదీ తాత్కాలికం. ఆరు నెలలకోసారి పొడిగింపు కాగితం రావాలి, రాకపోతే నేనూ పెట్టె సర్దుకోవాలి. సర్దుకుని ఎక్కడికి పోవాలో నాకు తెలియదు. మా అమ్మ అన్నయ్య ఇంటి వసారాలో రోజులు వెళ్ళదీస్తోంది, ఆ వసారాలో రెండో మంచానికి చోటు లేదు. తలుపుకు తాళం వేసే మనిషిని కాబట్టి మేట్రన్‌ని గాని, లేకపోతే ఆ ఇంట్లో ఒక చాపకు నేనూ అర్హురాలినే. ఇది ఇప్పుడు నవ్వుతూ రాస్తున్నాను. అప్పుడు నవ్వు వచ్చేది కాదు.

పాతికమంది తల్లులు ఉండేవాళ్ళు. మొగుడు మద్రాసులో వేరే కాపురం పెట్టినవాళ్ళు, మొగుడు పోయాక మరుదులు గెంటేసినవాళ్ళు, ఏ కారణమూ చెప్పనివాళ్ళు. పొద్దున గంజి, తర్వాత హాజరు, పిల్లలను బడికి తోలడం, తల్లులను కుట్టు తరగతిలో కూర్చోబెట్టడం. నిబంధనలు ఒక పుస్తకం నిండా ఉండేవి. మా గుమాస్తాకు అవన్నీ కంఠతా వచ్చు. చెనక్కాయలు వలుచుకుంటూ, తల ఎత్తకుండా, ఏది ఎన్నో పేజీలో ఉందో చెప్పేవాడు. పెద్దమనిషి. ఎవరికీ అపకారం చేసినవాడు కాదు, ఎవరికోసమూ కుర్చీలోంచి లేచినవాడూ కాదు.

ఒక వేసవి మధ్యాహ్నం సముద్రపు ఒడ్డు నుంచి ఒక మనిషి వచ్చింది. చంకలో పిల్లవాడు, భుజాన మూట. చేపలు పట్టేవాళ్ళ పాళెం ఆమెది. మొగుడు పడవ మీద పోయి తిరిగి రాలేదు. ఏడాది చూసి, మరిది గుడిసె ఖాళీ చేయమన్నాడు. పొద్దుటి నుంచి నడిచి వచ్చిందట, అరిపాదాలు బొబ్బలెక్కి ఉన్నాయి. అయినా గుమాస్తా అడిగినవాటికి నిలబడే జవాబు చెప్పింది.

"బిడ్డకు ఎన్నేళ్ళు?"

"గాలివానకు పడవలన్నీ కొట్టకపొయ్యిన ఏడు వీడు కడుపులో ఉండాడు సామీ."

గుమాస్తా వేళ్ళు మడిచి లెక్క చూశాడు. "నాలుగు ఇంకా నిండలేదు. సరే, నాలుగు వేస్తున్నా," అన్నాడు. రిజిస్టరులో నాలుగని పడింది. సముద్రం ఒడ్డున వయసులు అలాగే చెప్పేవాళ్ళు, ఏ గాలివానకు ముందో ఏ గాలివానకు తర్వాతో. మనం దాన్ని అజ్ఞానం అనుకునేవాళ్ళం. నిజానికి అంతకన్నా ఖచ్చితమైన లెక్క మా ఆఫీసులో ఒక్కటి కూడా లేదు.

పిల్లవాడికి తల నిండా జుట్టు. నడినెత్తిన ముడివేసి ఎర్ర దారం చుట్టింది. నూనె లేక అట్టలు కట్టి ఉంది, పేలు ఉంటాయని నేను కత్తిరించమన్నాను. ఆమె పిల్లవాడి తల మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"పెంచలకోన సామికి మొక్కుండాం మేట్రనమ్మా. ఇయ్యి పుట్టెంటికలు. ఆడకు పొయ్యి, మేనమామ తొడ మీద కూసోబెట్టి తీయియ్యాల. తాకబాకండి."

తాకలేదు. కొబ్బరినూనె ఇప్పించి, వారం రోజులు నేనే దువ్వాను. పిల్లవాడు నా దగ్గర చనువయ్యాడు. నేను నడుస్తుంటే కొంగు పట్టుకుని వెంట తిరిగేవాడు. నాకు పిల్లలు లేరు. ఈ మాట ఇక్కడ చెప్పకపోతే తర్వాతది మీకు అర్థం కాదు.

మా గృహంలో ఒక తల్లి ఆరు నెలలకు మించి ఉండాలంటే ఏదైనా పని నేర్చుకుంటూ ఉండాలి. నేర్పేది కుట్టుపని ఒక్కటే. మా కుట్టు టీచరు నాకన్నా పదేళ్ళు పెద్దది, క్రైస్తవురాలు, నోటి దురుసు మనిషి. ఆమెకు ఒక పట్టుదల ఉండేది. అంతకు ముందు ఏడు ఒక పసిపిల్ల మిషను సూది కింద వేలు పెట్టింది. అప్పటి నుంచి బడికి పోని బిడ్డ ఉన్న తల్లిని ఆమె తరగతిలోకి రానిచ్చేది కాదు. బిడ్డను చూసుకునే ఆయా మాకు లేదు, అడిగితే మంజూరు కాలేదు. కాబట్టి బిడ్డ బడికి పోయే ఈడు అయితే తప్ప తల్లికి కుట్టుపని లేదు, కుట్టుపని లేకపోతే ఆరు నెలలకు తల్లి బయటికి.

సముద్రపు ఒడ్డు నుంచి వచ్చిన ఈమెది వల అల్లిన చెయ్యి. ఖాళీగా కూర్చోలేక ఇతరుల చిరుగులు కుట్టిపెట్టేది. ఒకరోజు టీచరు ఒక కాజా చూసి, ఎవరు కుట్టారని అడిగి, నా గదికి తీసుకొచ్చి చూపించింది. "నా దగ్గర రెండేళ్ళు నేర్చుకున్నవాళ్ళకు ఇలా రాదు. దీన్ని బయటికి పంపిస్తావా నువ్వు?" అంది, తప్పంతా నాదే అయినట్టు.

"మరి నీ తరగతిలోకి తీసుకో."

"ఆ బుడంకాయను బడిలో వెయ్యి, తీసుకుంటా."

అప్పటికి ఆమె వచ్చి అయిదు నెలలు. ఇంకొక నెల గడిస్తే మూట కట్టుకోవాలి. ఎక్కడికి పోతావని అడిగితే, "సముద్రం ఉండాది గదా, అది ఎవరినీ పొమ్మనదు," అంది నవ్వుతూ. ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఆ రోజే నిర్ణయించుకున్నాను, పిల్లవాణ్ణి బడిలో వేయాలని.

మీ తరానికి తెలియకపోవచ్చు గనక చెబుతాను. పుట్టిన తేదీ కాగితం ఎవరి దగ్గరా ఉండని రోజులు. పిల్లవాణ్ణి బడికి తీసుకుపోతే పంతులు వాడి కుడిచెయ్యి నడినెత్తి మీదుగా వేయించి ఎడమ చెవి అందుకోమనేవాడు. అందితే బడి ఈడు వచ్చినట్టు. అందకపోతే వచ్చే ఏడు రమ్మనేవాడు. మా వాడికి నాలుగు దాటి కొన్ని నెలలు. వేలు నెత్తి దాటి రెండంగుళాల దగ్గర ఆగిపోయేది.

బావి దగ్గర పది రోజులు నేర్పించాను. తల ఎడమకు వాల్చాలి, మరీ వాల్చినట్టు కనబడకూడదు. కుడి భుజం చెంపకు ఆనేదాకా ఎత్తాలి. ఊపిరి వదిలేటప్పుడు వేళ్ళు సాచాలి. చెవిని మాత్రం ఎడమచేత్తో పైకి లాగకూడదు. వాడు దాన్ని ఆట అనుకున్నాడు. తాకిన ప్రతిసారీ నా దగ్గర చెయ్యి చాపేవాడు, నేను అందులో పటికబెల్లం పలుకు పెట్టేదాన్ని. అయినా చివరి అరంగుళం అందలేదు. టీచరు వచ్చి చూసి, "ఆ జుట్టు ముడే అరంగుళం మింగుతోంది," అంది.

ఆ మాట తల్లికి నేను చెప్పాను. ఆమె ఆ పూట అన్నం తినలేదు. మర్నాడు పొద్దున తనే పిల్లవాణ్ణి తీసుకొచ్చి బావి గట్టు మీద కూర్చోబెట్టింది.

"తీయిచ్చండమ్మా. సామికి నేను చెప్పుకుంటాలే. మీరు అంత కష్టపడతా ఉంటే నేను ఎంటికలు పట్టుకోని ఏలాడేదా?"

మంగలి వచ్చి గుండు చేశాడు. మేనమామ లేడు, తొడ మీద నేనే కూర్చోబెట్టుకున్నాను. ఆమె ఆ జుట్టు ఏరి గుడ్డలో మూట కట్టుకుంది. పిల్లవాడు బోడితల మీదుగా చెయ్యి వేశాడు. మధ్యవేలి కొన చెవిని ముట్టుకుంది. తల్లీ, టీచరూ, నేనూ ముగ్గురం చిన్నపిల్లల్లా చప్పట్లు కొట్టాం.

బడి హెడ్‌మాస్టరు మంచివాడే. చెవి చూశాడు, తృప్తిపడ్డాడు. "అయిదు నిండితే చాలమ్మా. కానీ చిన్నపిల్లలను చేర్చి హాజరు పెంచుతున్నామని పైవాళ్ళు గోల చేస్తున్నారు. ఆరు వేసేస్తా, ఏ తకరారూ ఉండదు," అన్నాడు. ఆయన బడిలో సగం మంది జూలై ఒకటో తేదీన పుట్టినవాళ్ళే. మా వాడూ ఆ రోజే పుట్టాడు, ఆరేళ్ళ కిందట. అయిదని రాయండి అని నేను ఒక్క మాట అంటే రాసేవాడు. అయిదైతే ఏం, ఆరైతే ఏం అనుకున్నాను. పని అయింది కదా అని సంతోషంలో ఉన్నాను.

గృహానికి తిరిగి వచ్చాక గుమాస్తా బడి వాళ్ళిచ్చిన చీటీ చూసి చెనక్కాయలు పక్కన పెట్టాడు.

"ఆరు వేయించారా అమ్మా?"

"వాళ్ళే వేశారు."

"ఆరుకూ ఏడుకూ ఎంత దూరం?"

అప్పుడు గుర్తొచ్చింది. ఏడు నిండిన మగపిల్లవాడు ఆడవాళ్ళ గృహంలో ఉండకూడదు. మరో జిల్లాలో ఉన్న బాలుర గృహానికి పంపాలి. ఆ నిబంధన నాకు తెలియనిది కాదు, అంతకు ముందు ఇద్దరిని నేనే రైలెక్కించాను. తల్లిని నిలబెట్టే తొందరలో బిడ్డ సంగతి మరిచాను. గుమాస్తా, "ఏడాది ఉంది కదా, ఈలోపు సరిచేయించండి," అన్నాడు. ఏడాది ఉంది కదా అని నేనూ అనుకున్నాను. హెడ్‌మాస్టరు దగ్గరికి పోయి, నేను నేర్పించి తెచ్చానండీ, వీడికి అయిదు కూడా లేవండీ, అని చెప్పుకోవాలంటే సిగ్గు. దసరా తర్వాత అనుకున్నాను, తర్వాత ఆయనకు బదిలీ అయింది, కొత్తాయన ఎలాంటివాడో చూద్దామనుకున్నాను. వాయిదాలకు కారణాలు వెతకనక్కర్లేదు, అవే వచ్చి ఒళ్ళో కూర్చుంటాయి.

ఆ ఏడాది మాత్రం బాగా గడిచింది. ఆమె మిషను మీద కూర్చుంటే టీచరు పక్కన నిలబడి చూసేది. మరో ఆరు నెలలకు బజారులో దర్జీ దుకాణంలో పని ఇప్పిస్తానని మాట ఇచ్చింది. ఒక గది అద్దెకు తీసుకుంటాననీ, గోడకు ఆనించి మిషను పెట్టుకుంటాననీ, పిల్లవాడు గడప దగ్గర కూర్చుని చదువుకుంటాడనీ ఆమె చెబుతూ ఉండేది. వాడికి జుట్టు మళ్ళీ పెరిగింది. రాత్రుళ్ళు చాప తడిపేవాడు, పొద్దున్నే ఆమె ఎవరూ చూడకముందే ఉతికి ఆరేసేది. అయిదు దాటిన పిల్లవాడికి అది వింతేమీ కాదు.

జూలై వెళ్ళాక తనిఖీ వచ్చింది. శనివారం. వచ్చిన అధికారిణి చదువుకున్న మనిషి, కఠినురాలని పేరు లేదు. నా ఉద్యోగం ఖాయం చేసే కాగితం ఆవిడ నివేదిక కోసమే ఆగి ఉంది. రిజిస్టర్లు తిప్పుతూ తిప్పుతూ, పిల్లల పుస్తకాల కోసం బడి నుంచి వచ్చిన జాబితా పక్కన పెట్టుకుని, ఒకచోట వేలు ఆపింది.

"మేట్రన్ గారూ, మీ రిజిస్టరు ప్రకారం ఈ పిల్లవాడికి అయిదున్నర. బడి ప్రకారం ఏడు నిండింది. రెంట్లో ఏదో ఒకటి తప్పు కదా?"

గుమాస్తా నా వైపు చూశాడు. కుట్టు టీచరు కూడా అక్కడే ఉంది, కుట్టిన బట్టలు చూపించడానికి వచ్చి. నేను నిజం చెప్పాలంటే నాలుగు ముక్కలు చాలు. బడికి అబద్ధం చెప్పి చేర్పించాను, తప్పు నాది. వసారాలో అమ్మ మంచం కళ్ళ ముందు మెదిలింది.

"తల్లి చెప్పింది రాసుకున్నామండి. వాళ్ళకు వయసులు సరిగా తెలియవు. బడి లెక్కే సరైనదై ఉంటుంది," అన్నాను.

తల్లిని పిలిపించారు. ఆమె కుట్టు తరగతి నుంచి దారపు ఉండ చేతిలో పట్టుకునే వచ్చింది. సంగతి విని మొదట నవ్వింది, ఏదో పొరపాటు జరిగిందనీ నేను సర్దేస్తాననీ అనుకుని.

"ఏడేంది అమ్మగారూ, అయిదే గదా. బళ్ళో చేరాలని మేట్రనమ్మే చెవి అందుకోడం నేర్పినారు. ఆ బావి కాడనే. మొక్కుబడి ఎంటికలు గూడా తీయిచ్చినానే. చెప్పండి మేట్రనమ్మా."

అధికారిణి నన్ను అడిగింది. "ఏమంటోంది ఈమె?"

"బిడ్డను పంపేస్తారని భయంతో ఏదో మాట్లాడుతోందండి."

ఆ మాట నా నోటి నుంచే వచ్చింది. టీచరు నోరు తెరవబోయింది. నేను బల్ల కింద ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. చెప్పొద్దంటున్నానని ఆమెకు అర్థమైంది. పది మందిని పోగేసి మాట్లాడగల మనిషి, నా ముఖం చూసి ఊరుకుంది. ఆ పాపంలో ఆమెకు వాటా పెట్టింది నేనే.

తల్లి నన్నే చూస్తోంది. నేను రిజిస్టరు చూస్తున్నాను.

అధికారిణి విసుగ్గా, "డాక్టరు సర్టిఫికెట్టు అంటే నెలలు పడుతుంది. మా రోజుల్లో ఏముంది, చెవి అందితే బడి లెక్కే సరి. పిలవండి వాణ్ణి," అంది.

వాడు అన్నానికి కూర్చున్నవాడు చెయ్యి కడుక్కుని పరుగెత్తుకుంటూ వచ్చాడు. చెవి అందుకోమంటే ముఖం విప్పారింది. చాలా రోజుల తర్వాత ఆ ఆట. తల్లికి అప్పుడు విషయం బోధపడింది. "తాకబాకురా నాయనా, తాకబాక!" అని అరిచింది. వాడు ఆమెను చూశాడు, నన్ను చూశాడు. నేర్పింది నేను కదా. తల ఎడమకు వాల్చాడు, భుజం ఎత్తాడు, ఊపిరి వదిలాడు, తాకాడు. నేను చెప్పినవి ఒక్కటి కూడా మరిచిపోలేదు. తాకి, నా దగ్గరికి వచ్చి అరచెయ్యి చాపి నిలబడ్డాడు.

ఆ చెయ్యి ఎందుకు చాపాడో అర్థం కానంత అమాయకులు అక్కడ లేరు. అధికారిణి ఆ చేతిని చూసింది, నన్ను చూసింది. ఆవిడకు తెలిసిపోయింది. కానీ నిజం రాయాలంటే విచారణ, నా మీద చర్య, బడి వాళ్ళకు ఉత్తరాలు. సాయంత్రం లోపు ఆవిడ ఇంకొక ఊరు చేరాలి. "పిల్లలు మీ దగ్గర బాగా చనువుగా ఉన్నారే," అని, కలం తీసి, పిల్లవాణ్ణి బాలుర గృహానికి పంపవలసిందిగా రాసింది. మా రిజిస్టరులో వయసు ఎర్రసిరాతో దిద్దమంది. నేనే దిద్దాను. పిల్లవాడు ఇంకా చెయ్యి చాపుకునే ఉంటే గుమాస్తా వచ్చి భుజం పట్టుకుని బయటికి తీసుకుపోయాడు. ఆయన ఎవరికోసమైనా కుర్చీలోంచి లేవడం నేను చూసింది అదొక్కసారే.

వారంలో ప్రయాణం. ముందు రోజు ఆమె నా గదికి వచ్చింది. తిట్టడానికి వచ్చిందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. గడప అవతలే నిలబడింది.

"మేట్రనమ్మా, ఆడ వాడిని ఏడేళ్ళోడు అనుకోని పనులు చెప్తారు. చాప తడిపితే కొడతారు. వీడు పసోడు, అయిదేళ్ళోడు అని ఒక చీటీ రాసియ్యండి. వాడి గుడ్డల మూటలో పెడతా. ఎవురికీ చెప్పన్లే."

నా చేతిరాతతో అలాంటి చీటీ ఒకటి లోకంలో ఉండటమంటే ఏమిటో నాకు వెంటనే తట్టింది. ఇలాంటివి నాకు ఎప్పుడూ వెంటనే తట్టేవి. "కాగితం ఎందుకు, తీసుకుపోయే గుమాస్తాతో నోటిమాటగా చెప్పిస్తానులే," అన్నాను. ఆమె "సరే," అని వెళ్ళిపోయింది. గుమాస్తాతో చెప్పాను. ఆయన అక్కడ చెప్పాడో లేదో నేను అడగలేదు.

పిల్లవాడు రైలెక్కిన మర్నాడు ఆమె కూడా వెళ్ళిపోయింది. శిక్షణ పూర్తికాలేదు, దర్జీ దుకాణం మాట దర్జీ దుకాణం దగ్గరే ఉండిపోయింది. నేను రిజిస్టరులో స్వంత ఇష్టంతో అని రాశాను. కుట్టు టీచరు ఆ తర్వాత నాతో పనికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. క్రిస్మస్‌కు అందరికీ పంచే అరిసెలు నా బల్ల మీద కూడా పెట్టింది, తినమని మాత్రం అనలేదు.

నిబంధన చెడ్డదని మీరంటారు. చెడ్డదే. తర్వాత చాలా ఏళ్ళకు దాన్ని సడలించారు, సడలించాలని అర్జీలు పెట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను, సభలో పొగిడింది అందుకే. కానీ ఆ నిబంధన రాసినవాళ్ళు నన్ను అబద్ధం చెప్పమనలేదు. మంచి చేద్దామని చెప్పిన అబద్ధానికి నేను అంత దిగులు పడటం లేదు. దాన్ని కాపాడుకోవడానికి ఆ తల్లిని అబద్ధాలకోరును చేశాను. మీరు ఈ ఉద్యోగంలో ఎన్ని తప్పులైనా చేస్తారు, చేయండి, తప్పు లేకుండా ఈ పని సాగదు. ఆ తప్పును మీ కింద ఉన్న మనిషి మీదికి మాత్రం తోయకండి.

ఇంతటితో ముగిస్తే భయపడిన మనిషిని గనక కొంతైనా క్షమిస్తారేమో. కానీ అసలైంది ఇంకా ఉంది.

రెండు నెలలకు నా ఉద్యోగం ఖాయమైంది. ఆ కాగితం వచ్చిన పది రోజులకు బాలుర గృహం సూపరింటెండెంటు నుంచి ఉత్తరం. ముసలాయన అని చేతిరాతే చెబుతోంది. ఆయన ఇలా రాశాడు. ఈ పిల్లవాడి తల్లి మా ఊరికే వచ్చి, బస్టాండు దగ్గర ఇడ్లీ దుకాణంలో గిన్నెలు తోముకుంటూ, ప్రతి ఆదివారం మా గేటు దగ్గరికి వస్తోంది. బిడ్డకు అయిదేనని మొత్తుకుంటోంది. చూడగా నాకు కూడా అలాగే అనిపిస్తోంది. పెద్ద పిల్లల మధ్య నలిగిపోతున్నాడు, రోజూ పక్క తడుపుతున్నాడు. వయసు రాయడంలో పొరపాటు జరిగి ఉంటే మీరు ఒక్క వాక్యం రాసి పంపండి. ఎవరి మీదా మాట రాకుండా నేను చూసుకుని, పిల్లవాణ్ణి తల్లికి అప్పగిస్తాను.

ఒక్క వాక్యం. ఖాయమైన ఉద్యోగిని అంత తేలికగా ఎవరూ తీయరు. మహా అయితే ఒక మందలింపు. ఈసారి ఆకలి భయం లేదు, ఎదురుగా అధికారిణి లేదు. ఉన్నదల్లా పరువు. ఎర్రసిరాతో నేనే దిద్దినదాన్ని మళ్ళీ నేనే తప్పని రాయాలి, గుమాస్తా అది చూడాలి, కుట్టు టీచరుకు తెలియాలి. మూడు రోజులు ఆ ఉత్తరం బల్ల సొరుగులో పెట్టుకున్నాను. నాలుగో రోజు జవాబు రాశాను. సదరు బాలుని వయసు విషయమున పాఠశాల రిజిస్టరే ప్రమాణము, తల్లి మాట విశ్వసింపదగినది కాదు. కింద సంతకం పెట్టాను. కొత్తగా ఖాయమైన హోదా కూడా రాశాను.

నెల తిరక్కుండా ఆయన నుంచి కార్డు వచ్చింది. మీ జవాబు అందింది. ఆదివారం ఆమె వచ్చినప్పుడు చదివి వినిపించాను. రాసింది ఎవరని అడిగితే మీరని చెప్పాను. కాగితం చూపించమంది, చూపించాను. చదువు రాకపోయినా చాలాసేపు చూసింది. ఆ తర్వాత మూడు ఆదివారాలుగా రావడం లేదు. ఇడ్లీ దుకాణంలో కూడా లేదు. పిల్లవాడు గేటు దగ్గర నుంచి లేవడం లేదు. ఆమె ఎక్కడికి పోయి ఉంటుందో మీకేమైనా తెలుసునా?

తెలియదని రాశాను. ఆ పిల్లవాడి గురించి నేను సంతకం పెట్టిన కాగితాలన్నిటిలోనూ నిజం రాసింది అదొక్కటే.